పెద్దల్లుడి బస్సు లైటు

పెద్దల్లుడికి కుళ్ళు. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఆయనే చెబుతాడు. పక్కవాడి కొత్త చొక్కా చూసి కడుపు మండితే మనమైతే ఏం చేస్తాం? "చాలా బాగుందండీ" అని నవ్వి, ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడుస్తాం. పెద్దల్లుడికి అంత ఓపిక లేదు. ఆ చొక్కా వేసుకున్నవాడి ఎదురుగా నిలబడి, దాహంగా ఉంది కాసిని మంచినీళ్ళిస్తారా అన్నంత మామూలుగా, "మీ చొక్కా చూస్తే నాకు కుళ్ళుగా ఉందండీ" అంటాడు. అనేసి, బరువు దించుకున్నవాడిలా తేలిగ్గా వెళ్ళిపోతాడు.

ఎవరి మీద, దేని మీద అనే పట్టింపు లేదు. మంగలి చెయ్యి వణకదని కుళ్ళు. పోస్ట్‌మన్ పిక్కలు గట్టివని కుళ్ళు. పక్కింటాయనకి హెర్నియా ఆపరేషనైతే చూడ్డానికి వెళ్ళాడు.

"డాక్టరు ఏమన్నారు?"

"ఆరు వారాలు మంచం దిగొద్దన్నారండీ."

"ఆరు వారాలే!" అంటూ పెద్దల్లుడు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. "బరువులెత్తకూడదా?"

"మంచినీళ్ళ బిందె కూడా ఎత్తొద్దన్నారు."

"నాకు చాలా కుళ్ళుగా ఉందండీ" అన్నాడు పెద్దల్లుడు. పక్కింటాయన నవ్వాపుకోలేక కుట్లు పట్టుకుని మెలికలు తిరిగాడు. ఆపరేషనయ్యాక ఆ మనిషి మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలని వాళ్ళావిడ నెల రోజులు చెప్పుకుంది.

ఆఫీసులో వాచ్‌మన్ రిటైరైన రోజు అందరూ కాగితాలు చూసి ఉపన్యాసాలు చదివారు. చివర్లో పెద్దల్లుడు లేచాడు. "ఇతను ఇరవై ఆరేళ్ళు కుర్చీలో కూర్చుని నిద్రపోయాడు. ఒక్కసారి కూడా పడలేదు. నేను మంచం మీంచే పడతాను. ఇతన్ని చూస్తే నాకు మొదట్నుంచీ కుళ్ళు" అని కూర్చున్నాడు. ఆఫీసువాళ్ళిచ్చిన గోడగడియారాన్ని వాచ్‌మన్ బల్ల మీదే వదిలేసి, వచ్చి ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

దాంతో ఏమైందంటే, పెద్దల్లుడి కుళ్ళు ఒక సర్టిఫికెట్టయి కూర్చుంది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు పనున్నా లేకపోయినా ఆయన ముందునుంచి రెండుసార్లు నడిచేవాళ్ళు. పసిపిల్లల్ని తెచ్చి చూపించేవాళ్ళు. "ఏమన్నా అన్నారా?" "ఆవులింత చూసి కుళ్ళొచ్చిందన్నారు." "అదృష్టవంతుడు మీవాడు."

ఈ సర్టిఫికెట్టు ఊళ్ళో అందరికీ అందింది, ఒక్క చిన్నల్లుడికి తప్ప.

వీళ్ళిద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. అక్కని ఆయన చేసుకున్నాడు, చెల్లెల్ని ఇతను చేసుకున్నాడు. పనిచేసేది కూడా ఒకే చోట. ఊరికి నీళ్ళు పంపే ఫిల్టర్ హౌసు కొండ మీద ఉంది. అందులో పెద్దల్లుడు పంపు ఆపరేటరు, చిన్నల్లుడు ల్యాబులో గాజు గొట్టం వెలుతురుకి ఎత్తి పట్టుకుని నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూసే ఉద్యోగి. పెళ్ళయిన ఐదేళ్ళలో చిన్నల్లుడు పెద్దల్లుడికి చూపించనిది లేదు. పెళ్ళినాటి సూటు చూపించాడు. "బాగుంది" అన్నాడాయన. డిగ్రీ పటం కట్టించి చూపించాడు. "బాగుంది, పటం గట్టిగా కట్టాడు" అన్నాడు. మూడు వైపులా గాలొచ్చే మేడ మీద వాటా అద్దెకి తీసుకుని పిలిచాడు. పెద్దల్లుడు మూడు కిటికీల దగ్గరా శ్రద్ధగా నిలబడి, "బాగుంది, గాలొస్తోంది" అన్నాడు. మెట్లు దిగుతూ, కింద వాటాలో కుళాయి కట్టేస్తే ఒక్క చుక్క కూడా కారదని తెలిసి, వాళ్ళింట్లో అరగంట కూర్చుని కుళ్ళుకుని మరీ వెళ్ళాడు.

ఆ సాయంత్రం చిన్నల్లుడికి అన్నం సయించలేదు.

"మా బావగారికి మీ మీద కుళ్ళు లేకపోతే మంచిదే కదండీ" అంది భార్య.

"నీకు తెలీదు. ఆయన కుళాయి మీద కుళ్ళుకున్నారు. కుళాయి మీద. నేను కుళాయికి కూడా తీసిపోయానా?"

భార్య ఆలోచించింది. "వాళ్ళది నిజంగానే కారదండీ."

చిన్నల్లుడి కష్టం ఎవరికీ చెప్పుకునేది కాదు. పెద్దల్లుడికి మంగలి మీద కుళ్ళు, పోస్ట్‌మన్ మీద కుళ్ళు, హెర్నియా మీద కుళ్ళు. ఆ కుళ్ళు దక్కించుకున్న వీళ్ళందరి మీదా చిన్నల్లుడికి కుళ్ళు. అయితే పెద్దల్లుడిలా నలుగురిలో చెప్పే రకం కాదు కాబట్టి అదంతా లోపలే ఉడికేది. ఆయన నోటివెంట తన గురించి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ మాట వినాలి. పై ఉద్యోగమొద్దు, ఇంకేమీ వద్దు.

అందుకే మోటారుసైకిలు కొన్నాడు. సరికొత్త ఫోర్ స్ట్రోకు.

పెద్దల్లుడిది టూ స్ట్రోకు. ఎప్పటిదో ఆయనకే గుర్తులేదు. నీలంగా పొగ వదులుతూ, పెనం మీద బఠాణీలు వేయిస్తున్నట్టు చప్పుడు చేస్తూ వస్తుంది. కొండెక్కడంలో దాన్ని మించిన బండి లేదు. తంటా అంతా దిగడంలోనే. కొండ మీంచి ఊళ్ళోకి ఐదు కిలోమీటర్లు, తొమ్మిది మలుపులు. అవతల క్వారీ ఉంది. సాయంత్రం ఐదింటికి వీళ్ళ డ్యూటీ దిగే వేళకే కంకర టిప్పర్లు కూడా బరువుతో బుసలు కొడుతూ దిగుతాయి.

మిగతా బళ్ళ సంగతి ఎలా ఉన్నా, టూ స్ట్రోకుకి యాక్సిలరేటరు వదిలేస్తే ఆగుదామన్న ధ్యాసే ఉండదు. వాలు చూస్తే చాలు, బడి వదిలిన పిల్లల్లా పరిగెడుతుంది. పోనీ గేర్లో ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా మూసి దిగుదామా అంటే, దాని ఆయిలు పెట్రోలుతో కలిసే ఇంజిన్లోకి వెళ్తుంది. పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగుతుంది, లోపల పిస్టను ఎండిపోయి పట్టేస్తుంది. అందుకని పెద్దల్లుడు మధ్యమధ్య చేత్తో యాక్సిలరేటరు ఇస్తూ, కాలితో బ్రేకు తొక్కుతూ దిగేవాడు. ఈయనకి వెళ్ళాలనుందో ఆగాలనుందో చూసేవాళ్ళకి అర్థమయ్యేది కాదు.

ఫోర్ స్ట్రోకుకి ఆ బాధల్లేవు. ఆయిలు విడిగా అడుగున ఉంటుంది. యాక్సిలరేటరు మూసి గేరు దించితే ఇంజినే చక్రాన్ని పట్టి వెనక్కి లాగుతుంది. బ్రేకుతో పనే లేదు.

కొత్త బండిని చిన్నల్లుడు ఫిల్టర్ హౌసు గేటు దగ్గర, ఎండ సరిగ్గా ట్యాంకు మీద పడేలా నిలబెట్టాడు. పెద్దల్లుడు చుట్టూ తిరిగి చూశాడు. వంగి చూశాడు. సీటు నొక్కి చూశాడు. చిన్నల్లుడు ఊపిరి బిగబట్టాడు.

"బాగుంది" అన్నాడు పెద్దల్లుడు.

"అంతేనా అన్నయ్యా?"

"సీటు మెత్తగా ఉంది."

సరే, దిగేటప్పుడు చూపిద్దామనుకున్నాడు చిన్నల్లుడు. ఆ సాయంత్రం పెద్దల్లుణ్ణి వెనక రమ్మని, తాను ముందు దిగాడు. ఒక్కో మలుపు దగ్గర యాక్సిలరేటరు మూసి, నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు. బండి బుద్ధిగా, ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు నెమ్మదించింది. తొమ్మిది మలుపుల్లో ఒక్కసారి బ్రేకు తొక్కలేదు. కొండ కింద మెకానిక్ షెడ్డు దగ్గర ఆగి, వెనక పొగలోంచి వస్తున్న పెద్దల్లుడి కోసం కాళ్ళు బారజాపుకుని ఎదురుచూశాడు.

పెద్దల్లుడు దిగాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "తమ్ముడూ, అదెలా ఆగింది?"

"ఇంజిన్ బ్రేకింగ్ అన్నయ్యా. బ్రేకు ముట్టుకోలేదు."

"నేనూ చూశాను" అన్నాడాయన. "నీ బండి మూతి మూసుకుని ఊపిరి పీలుస్తుందన్నమాట. ఆ ఆయాసానికే నెమ్మదిస్తుంది. నా బండికి ఆయాసం తెలీదు." ఆయన నోరు తెరిచాడు. మాట గొంతుదాకా వచ్చినట్టే ఉంది. చిన్నల్లుడు ముందుకు వంగాడు. పెద్దల్లుడు గుటక వేసి, తువ్వాలుతో మూతి తుడుచుకుని అన్నాడు: "దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీద ఓ కాలు తాకిస్తుండు తమ్ముడూ."

"అవసరం లేదన్నయ్యా. ఇది ఫోర్ స్ట్రోకు."

"అయినా సరే. ఊరికే అలా తాకించు."

చిన్నల్లుడికి ఒళ్ళు మండింది. తనకి లేదు కాబట్టి నన్ను కూడా వాడొద్దంటున్నాడు. ఇంతకన్నా కుళ్ళేముంటుంది? మరి ఉన్నప్పుడు చెప్పడానికేం? హెర్నియాకి చెప్పినవాడు దీనికి చెప్పలేడా?

వారం తిరక్కుండా పెద్దల్లుడి బండికి ఒక వింత మొలిచింది. తుక్కుకి వేసిన పాత బస్సు వెనక లైటొకటి సంపాదించి, బల్బు మార్చి, సీటు వెనకాల బిగించాడు. అన్నం కంచమంత ఉంది. బ్రేకు తొక్కితే ఎర్రగా భగ్గుమంటుంది. ఆఫీసంతా గేటు దగ్గర పోగైంది.

"ఇదేంటి సార్?"

"బస్సుల్ని చూస్తే ఎప్పట్నుంచో కుళ్ళు" అన్నాడు పెద్దల్లుడు ఎటో చూస్తూ.

అప్పట్నుంచి వెంటపడ్డం మొదలైంది. ఐదింటికి చిన్నల్లుడు బయలుదేరితే వెనకాలే టపటపటప. నెమ్మదిస్తే ఆయనా నెమ్మదిస్తాడు. తప్పుకుని దారిస్తే ముందుకెళ్ళడు. పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరదామని చేతులు కడుక్కుంటూ కాలక్షేపం చేస్తే, ఆయన గేటు దగ్గర బండి మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటూ ఉంటాడు. అద్దంలో ఎప్పుడు చూసినా అదే మొహం, నీలం పొగలో మబ్బు చాటు చందమామలా.

"కుళ్ళు" అని తేల్చేశాడు చిన్నల్లుడు ఇంట్లో. "నాకు పోటీగా బస్సు లైటు పెట్టారు. నా బండి ఎలా ఆగుతుందో చూడకుండా ఆయనకి నిద్రపట్టట్లేదు. ఇది బయటికి చెప్పలేనంత కుళ్ళు."

"అయితే మీరు గెలిచినట్టే కదండీ" అంది భార్య.

"ఎలా గెలిచినట్టు? నోటితో అనాలి. నాకు వినపడాలి."

అనిపించడానికి చేయని ప్రయత్నం లేదు. ఒకరోజు ల్యాబులోంచి సుద్దపొడి తెచ్చి, ఆయన చూస్తుండగానే బ్రేకు పెడలు మీద దట్టంగా రాశాడు. కొండ దిగాక షెడ్డు ముందు బండాపి, "చూడండి అన్నయ్యా" అన్నాడు. తొమ్మిది మలుపులు దిగొచ్చినా సుద్ద మీద చిన్న గీత కూడా పడలేదు. పెద్దల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆ సుద్ద వంక చాలాసేపు చూశాడు. ఆయన మొహం ఆ సుద్దలాగే తెల్లబోయింది.

"రేపట్నుంచి ఇందులో సగమైనా నీ చెప్పుకి అంటుకోవాలి తమ్ముడూ" అని మెకానిక్ షెడ్డులోకి వెళ్ళిపోయాడు. రోజూ అంతే. కొండ దిగీ దిగగానే షెడ్డులో దూరి, మెకానిక్‌తో అరగంట గుసగుసలాడితే గాని ఇంటికి కదలడు.

నాలుగో నెలలో ఆయన బ్రేకులు అరిగిపోయాయి. మూడో జత. మెకానిక్ వెనక చక్రం ఊడదీసి పెట్టుకుంటే, ఆ రోజు పెద్దల్లుడు స్టాఫు బస్సులో వచ్చాడు. చిన్నల్లుడు "అయ్యో పాపం, టూ స్ట్రోకు కదా" అని ల్యాబులో నలుగురికీ చెప్పి జాలిపడ్డాడు. జాలిపడుతుంటే లోపల చల్లగా ఉంది.

ఐదింటికి పెద్దల్లుడు ల్యాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "తమ్ముడూ, ఇవాళ బస్సులో పోదాం."

"నా బండో?"

"ఇక్కడే ఉండనీ. రేపు తీసుకుందువుగాని. కిటికీ పక్క సీటు నీకే ఇస్తాను."

"నాకెందుకన్నయ్యా బస్సు? నేను ఇంజినుతో ఆపుకుంటూ హాయిగా దిగుతాను."

"పోనీ బ్రేకు..."

"ముట్టుకోను."

పెద్దల్లుడు ఇంకేదో అనబోతుంటే బస్సు హారను కొట్టింది. ఆయన ఎక్కి వెనక సీటుకెళ్ళి, వెనకద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ ముక్కు కనపడుతూనే ఉంది.

బస్సు దూరమయ్యాక చిన్నల్లుడు బయలుదేరాడు. ఇన్నాళ్ళకి దారి తనది. అద్దంలో చూసుకున్నాడు. ఎవరూ లేరు. పొగ లేదు, టపటప లేదు. మొదటి మలుపు హాయిగా ఉంది. రెండో మలుపు దగ్గర అంత హాయిగా లేదు. ఇంత బాగా దిగుతుంటే చూసేవాడు లేకపోతే ఏం లాభం? మూడో మలుపులో ఒక టిప్పరు వెనకాల కలిసింది. నాలుగో మలుపు దగ్గర అలవాటు ప్రకారం యాక్సిలరేటరు మూసి మూడు వేశాడు, రెండు వేశాడు. బండి బుద్ధిగా నెమ్మదించింది.

వెనక కొండే అరిచినట్టు హారను. ఆ వెంటనే టైర్లు రోడ్డుని గీరిన చప్పుడు. కాలిన రబ్బరు వాసన. చిన్నల్లుడు బండిని మట్టిలోకి దింపి, ఎలా ఆపాడో తెలీకుండా ఆపాడు. తిరిగి చూస్తే టిప్పరు ముక్కు జానెడు దూరంలో ఉంది. దాని వేడి వీపుకి తగులుతోంది.

డ్రైవరు దిగాడు. "ఏం బాబూ, ఆగుతూ లైటు వెయ్యవా? నీ బండికి వెనకాల లైటు లేదా?"

"ఉందండీ. బ్రేకు తొక్కితే వెలుగుతుంది. నేను బ్రేకు తొక్కలేదు. ఇంజిన్ బ్రేకింగ్."

"నీ ఇంజిను నాకెలా కనపడుతుంది బాబూ? వెనకున్నవాడికి నువ్వు పోతున్నావో ఆగుతున్నావో చెప్పేది ఆ లైటొక్కటేగా. పది టన్నుల కంకరుంది నా మీద." కోపంగా ఇంకేదో అనబోయి, బండి వంక, చిన్నల్లుడి వంక మార్చి మార్చి చూశాడు. "నువ్వు బస్సు లైటాయన ముందు పోయే బాబువి కదూ? ఆయనేడీ ఇవాళ?"

"ఆయన... మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? నాలుగు నెలల కింద క్వారీకొచ్చి డ్రైవర్లందర్నీ పోగేశాడు. 'మా తమ్ముడి బండి లైటు వెయ్యకుండా ఆగుతుంది, చెబితే వినడు, మీరు నా లైటు చూసి దిగండి' అన్నాడు. అప్పట్నుంచి మేమంతా ఆ లైటు చూసుకునే కదా దిగుతున్నాం. తొమ్మిది మలుపులూ కాలు తియ్యకుండా తొక్కుతాడు పాపం. ఆయన బ్రేకులు ఎన్నాళ్ళాగుతాయో ఏమో."

చిన్నల్లుడు బండిని మళ్ళీ రోడ్డెక్కించాడు. మిగిలిన ఐదు మలుపులూ గేరు దించుతూనే, బ్రేకు పెడలు మీద కాలు తాకిస్తూ దిగాడు. వెనకనుంచి టిప్పరు, లైటు కనపడుతోంది అన్నట్టు, ఒకసారి మెల్లగా హారను కొట్టింది.

కొండ కింద, నడిరోడ్డు మీద, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ ఒకాయన నిలబడి ఉన్నాడు. చిన్నల్లుడు కనపడగానే గబగబా షెడ్డులోకి నడిచి, పాత టైరు మీద కూర్చుని, అరిగిన బ్రేకు ముక్కని చేతిలోకి తీసుకుని దీక్షగా చూడ్డం మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, క్వారీకి ఎప్పుడెళ్ళారు?"

"ఏ క్వారీ?"

"టిప్పర్ల క్వారీ."

"ఓహో, అదా. ఆ డ్రైవర్ల మీసాలు చూస్తే కుళ్ళొస్తుంది. ఓసారి దగ్గర్నుంచి చూసొద్దామని..."

మెకానిక్ స్పానరు కింద పడేశాడు. "ఇక చెప్పెయ్యండి సార్. రోజూ అరగంట నా దగ్గర కూర్చుని, 'తమ్ముడి బండి అలా ఆగుతుంటే నాకు కుళ్ళు, తమ్ముడు అలా గేరు దించుతుంటే నాకు కుళ్ళు' అని మీరు కుమిలిపోతుంటే ఇక్కడ పని సాగట్లేదు."

చిన్నల్లుడు అక్కడే ఇంకో టైరు మీద కూర్చున్నాడు. "రోజూనా?"

"రోజూ" అన్నాడు మెకానిక్. "నాలుగు నెలల్నుంచి."

పెద్దల్లుడు తల దించుకున్నాడు. "మొదటి రోజే వచ్చింది తమ్ముడూ. నా జన్మలో అంత కుళ్ళు రాలేదు. నేను బ్రేకు తొక్కి తొక్కి పిక్క పట్టేసి దిగుతుంటే, నువ్వు నా ముందు, కుర్చీలో కూర్చున్నట్టు... కడుపులో పెట్టుకుని తిరగడం ఎంత నరకమో నీకు తెలీదు."

"తెలుసన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే ఇంకేమన్నా ఉందా? చెప్పకుండానే పెడలుకి సుద్ద రాశావు. చెప్పుంటే పెడలే పీకి ఇంట్లో పెట్టొచ్చేవాడివి."

చిన్నల్లుడు ఒప్పుకున్నట్టు తలూపాడు. మాట ఎలాగూ వచ్చింది కదా అని, ఐదేళ్ళ సంగతి కూడా అడిగేశాడు. "అంతకుముందు ఎప్పుడూ రాలేదేం అన్నయ్యా? సూటు, డిగ్రీ, ఇల్లు..."

పెద్దల్లుడు నిజాయితీగా ఆలోచించాడు. "అంతకుముందు నీ దగ్గర ఏముందని తమ్ముడూ?"

మెకానిక్ అటు తిరిగి నవ్వుకున్నాడు. చిన్నల్లుడికి విచిత్రంగా కోపం రాలేదు. చక్రం లేకుండా దిమ్మ మీద ఎత్తిపెట్టిన టూ స్ట్రోకు వంక, దాని వెనక కంచమంత ఎర్ర అద్దం వంక చూశాడు. జీవితంలో మొదటిసారి, పైకే అనేశాడు.

"అన్నయ్యా, నాకు కుళ్ళుగా ఉంది."

"దేని మీద?"

"ఆ లైటు మీద. నాకు అలాంటి బుద్ధి పుట్టలేదని."

పెద్దల్లుడి చేతిలోంచి బ్రేకు ముక్క జారిపోయింది. ఊరందరి మీదా కుళ్ళుకున్నాడు గాని, తన మీద ఎవరైనా కుళ్ళుకోవడం ఆయనకిదే మొదలు. చెవులదాకా ఎర్రబడ్డాడు. మెకానిక్ వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు. తర్వాత చిన్నల్లుడి వైపు జరిగి, మెల్లగా, "ఏదీ, ఇంకోసారి అను తమ్ముడూ" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఐదింటికి చిన్నల్లుడు గేరు దించుతూ, బ్రేకు మీద కాలు తాకిస్తూ, చిన్న ఎర్రలైటు మినుకు మినుకుమంటుండగా కొండ దిగాడు. మూడో మలుపు దగ్గర అద్దంలో చూస్తే నీలం పొగ, అందులో అదే మొహం. తన బండి నెమ్మది చేసి, ఆయన పక్కకొచ్చేదాకా ఆగాడు.

"ఇంకా ఎందుకన్నయ్యా వెనకాల? నేను లైటు వేస్తున్నానుగా."

"తెలుసులే తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు ఆనందంగా. "ఇప్పుడు కేవలం కుళ్ళుతోనే వస్తున్నాను. నువ్వు పద."